లక్ష మొక్కలు, ఎన్ని వంశాలు?



ఈ స్మారక ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర మొక్కల పిండోత్పత్తి శాస్త్రం చదువుకున్నవాళ్లు ఈ హాల్లో ఇంకా కొందరున్నారు. ఆయన గురించి నాకన్నా బాగా ఎరిగినవాళ్లు ఇప్పటికే మాట్లాడారు కనుక నేను నేరుగా విషయంలోకి వస్తాను. ఇవాళ చెప్పబోయేది గుగ్గులు అనే ఒక ఎడారి చెట్టు సంగతి. దాని ఊరు థార్, కచ్. దాని బంక మాత్రం మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల మంచం పక్కన యోగరాజ గుగ్గులు సీసా ఉంటుంది. పూజ సామాన్ల కొట్లో మహిసాక్షి అడిగితే పొట్లం కట్టి ఇచ్చే గోధుమరంగు ఉండలు కూడా ఈ చెట్టువే, లేదా ఈ చెట్టువే అయి ఉండాలి. కల్తీ సంగతి తరవాత చెబుతాను.

శాస్త్రజ్ఞులు దీన్ని కమిఫొరా వైటియై అంటారు. ఆ వైట్ మద్రాసు రాజధానిలో పనిచేసిన కంపెనీ వైద్యుడు రాబర్ట్ వైట్. ఆయన కోసం వేలాది మొక్కల్ని చూసి బొమ్మలు గీసిన చిత్రకారులు రంగయ్య, గోవిందు. గోవిందు మీద గౌరవంతో ఒక ఆర్కిడ్ ప్రజాతికి అతని పేరే పెట్టాడు వైట్. ఆ పేరు తరవాత వాడుకలోంచి పోయింది, దొర పేరు నిలిచింది. గుగ్గులుకు ఇప్పుడున్న శాస్త్రీయ నామాన్ని స్థిరపరిచింది జోధ్‌పూర్‌కు చెందిన ఎం.ఎం. భండారీ. 1978లో వచ్చిన ఆయన ‘ఫ్లోరా ఆఫ్ ది ఇండియన్ డెజర్ట్’ లేకుండా థార్ మొక్కల మీద పని చేయడం కష్టం.

చెట్టు అంటున్నాను గానీ, ఎంత ఎదిగినా మూడు నాలుగు మీటర్లు దాటదు. చాలాచోట్ల మనిషెత్తు పొదే. రాజస్థాన్‌లో జైసల్మేర్, బాడ్‌మేర్, జోధ్‌పూర్ రాతినేలల్లో, ఆరావళి గుట్టల వాలుల్లో, గుజరాత్‌లో కచ్‌లో, సరిహద్దు అవతల సింధ్, బలూచిస్తాన్‌లలో పెరుగుతుంది. జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో పడే వానలో అది సగం కూడా కాదు. అలాంటిచోట ఈ మొక్క సంవత్సరంలో ఎక్కువ నెలలు ఆకు లేకుండా నిలబడి ఉంటుంది. వాన పడగానే మూడేసి ఆకుల చిన్న రెమ్మలు తొడుగుతుంది, తేమ ఆరగానే రాల్చేస్తుంది. కొమ్మలన్నీ వంకర టింకర. ప్రతి కొమ్మ చివరా ముల్లులా సూదిగా ఉంటుంది. బూడిదరంగు బెరడు పల్చటి కాయితం పొరల్లా లేస్తుంది. ఆ పొరను గోటితో లాగి చూడండి, కింద పచ్చగా ఉంటుంది. ఆకుల్లేని కాలంలో ఆ పచ్చదనమే దానికి వంటిల్లు.

బంక కాలువలు ఉండేది కూడా ఆ బెరడులోనే. చెట్టు చావుబతుకులన్నీ ఈ ఒక్క వాస్తవం చుట్టూ తిరుగుతాయి. చలికాలంలో మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా కాండానికి గాటు పెడతారు. గాటులోంచి పసుపుపచ్చటి చిక్కని పాలు మెల్లగా ఊరి, బొట్లుగా జారి గడ్డకడతాయి. పది పదిహేను రోజులకు వాటిని గోకి తీసుకుంటారు. కత్తి బెరడు మందం దాటకూడదు. దాటితే లోపలి కేంబియం పొర తెగుతుంది, గాయం ఇక మానదు. జాగ్రత్తగా గాటు పెడితే ఒక చెట్టు ఒక సీజన్‌లో 200 నుంచి 500 గ్రాముల బంక ఇస్తుంది. ఆ మాత్రం ఇచ్చే వయసు రావడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది.

ఇంత ఓపిక అడవిలో ఎవరికుంటుంది? గాటు లోతుగా దించి, దాని మీద ఒక లేపనం పూస్తారు. గుర్రపు మూత్రమో అడవి గాడిద మూత్రమో, మైలుతుత్తం, కాస్త గుగ్గులు బంక కలిపి నూరిన ముద్ద అది. చెట్టు ఆ ఏడు విరగబడి బంక కారుస్తుంది, ఆ తరవాత ఎండిపోతుంది. 1989లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన భట్, నాయర్, మోహన్‌రామ్ ఒక మెరుగైన పద్ధతి ప్రకటించారు. రబ్బరు తోటల్లో వాడే మిచీ గాలెడ్జ్ కత్తితో గాటు పెట్టి, ఇథెఫాన్ అనే హార్మోను మందును కొలిచి వేస్తే దిగుబడి 22 రెట్లు పెరిగిందని వాళ్ల లెక్క. కత్తిని, కొలతను పక్కనపెట్టి మందొక్కటే వాడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గాటు పెట్టేవాణ్ణి తిట్టడం నాకిష్టం ఉండదు. ఆ చెట్టు తనది కాదు, నేల తనది కాదు. ఇవాళ తను వదిలేస్తే రేపు ఇంకొకడు వచ్చి గీకుతాడని అతనికి తెలుసు. అటువంటి మనిషికి పదేళ్ల ఓపిక నేర్పబోవడం మన అమాయకత్వం.

గిరాకీ ఎక్కడిది అంటే, పాత గ్రంథాల నుంచే. సుశ్రుత సంహిత మేదోరోగం గురించి చెప్పినదాన్ని పట్టుకుని జి.వి. సత్యవతి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల మీద ప్రయోగాలు చేశారు. ఆ సిద్ధాంత వ్యాసం 1966లో వచ్చింది. తరవాతి కాలంలో ఆమె భారత వైద్య పరిశోధన మండలికి తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఆ దారిలోనే తయారుచేసిన గుగ్గులిపిడ్‌కు 1986లో మన దేశంలో అనుమతి వచ్చింది. 2003లో అమెరికాలో 103 మంది మీద ఎనిమిది వారాలపాటు జరిగిన పరీక్షలో మాత్రం చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది. ఈ మందు పనిచేస్తుందా లేదా అన్నది వైద్యుల తగాదా, నేను అందులో వేలు పెట్టను. తగాదా ఎటు తేలినా కషాయాల బజారులో, కీళ్లనొప్పుల మాత్రల్లో, ధూపంలో గుగ్గులు అమ్మకం ఆగలేదు. మన అవసరానికి మన అడవి చాలక పాకిస్తాన్ నుంచి కూడా తెప్పించుకుంటూ వచ్చాం.

ఇక గాటు కత్తి ఒక్కటే శత్రువు కాదు. రాతి గనులున్నాయి, మేకలున్నాయి. మనం సర్కారు తుమ్మ అనే చెట్టును కచ్‌లో గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ అంటారు. అది పొదలు పొదలుగా అల్లుకున్న చోట గుగ్గులు మొలకకు తావు లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గుగ్గులును ‘తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవి’ అనే జాబితాలో చేర్చింది, 2015 నాటి మదింపులో. వినీత్ సోనీ వంటివాళ్లు రాజస్థాన్, గుజరాత్‌లలో గాటు పెట్టేవాళ్ల మధ్యకే వెళ్లి ప్రచారం చేశారు. 2008లో జాతీయ ఔషధ మొక్కల బోర్డు కచ్ జిల్లాలో 500 నుంచి 800 హెక్టార్లలో గుగ్గులు పెంచే పథకం పెట్టింది. మంచిదే. నా పేచీ ఈ మంచి పనితోనే మొదలవుతుంది.

ఇక్కడ మాస్టారి పాఠానికి వెళ్లాలి. నిమ్మగింజను తడిపి, పైతోలు ఒలిచి చూడమనేవారాయన. ఒకే గింజలో రెండు, మూడు పిండాలు. మట్టిలో పెడితే ఒక గింజ నుంచి రెండు మూడు మొలకలు. నారింజ గింజలో ఈ వింతను 1719లోనే లీవెన్‌హుక్ చూశాడు. ఆ పిండాల్లో ఒకటి పుప్పొడితో కలిసి పుట్టిన బిడ్డ అయితే కావచ్చు. మిగతావి తల్లి కణజాలం నుంచే నేరుగా పుట్టిన నకళ్లు, వాటికి తండ్రి లేడు. పిండోత్పత్తి శాస్త్రాన్ని మన దేశంలో ఒక సంప్రదాయంగా నిలబెట్టినవాడు జైపూర్‌లో పుట్టిన పంచానన్ మహేశ్వరి. ఆవృతబీజాల పిండోత్పత్తి మీద 1950లో ఆయన రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. ఢిల్లీలో ఆయన శిష్యపరంపర ఆ సూక్ష్మదర్శినిని గుగ్గులు మీదికి తిప్పింది. గుప్తా, శివన్న, మోహన్‌రామ్ 1996లో ప్రకటించిన వ్యాసం చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి రెండుసార్లు గదిలో అటూ ఇటూ తిరిగాను.

వాళ్లు చూసింది ఇది. గుగ్గులులో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. అడవిలో చాలాచోట్ల ఉన్నవన్నీ ఆడవే. మగది ఎక్కడో ఒకటీ అరా. అయినా ఆడ మొక్కలు నిక్షేపంగా కాయలు కాస్తున్నాయి. పుప్పొడి సోకకుండా కట్టడి చేసి చూశారు, అప్పుడూ గింజ కట్టింది. లోపల చూస్తే అండం చుట్టూ ఉన్న తల్లి కణజాలంలోంచే పిండాలు మొలుస్తున్నాయి. ఒకే గింజలో ఒకటికి మించి ఉంటున్నాయి. నిమ్మలో కనీసం పరాగసంపర్కం జరిగితేనే గింజ నిండుతుంది. గుగ్గులుకు ఆ అవసరం కూడా లేదు. పిండానికి తిండి పెట్టే అంకురచ్ఛదం సైతం పుప్పొడి లేకుండానే తయారవుతోంది. అంటే మగ మొక్క ఆ గుట్ట మీద వందేళ్లుగా లేకపోయినా ఆడ మొక్క తన నకళ్లను తాను విత్తుకుంటూ పోగలదు.

ఎడారికి ఇది చాలా తెలివైన ఏర్పాటు, దీన్ని లోపం అనడానికి నాకు నోరు రాదు. పక్క మొక్క మైలు దూరంలో ఉన్నచోట, తేనెటీగ ఎప్పుడొస్తుందో తెలియని చోట, తోడు కోసం ఎదురుచూడని మొక్కే గెలుస్తుంది. రాతినేలలో ఒకసారి నిలదొక్కుకుని బతకగలనని నిరూపించుకున్న జన్యుకూర్పును చెదరకుండా తరవాతి తరానికి అందించడం కూడా మంచిదే. కానీ ఈ ఏర్పాటు నడిచేది గుట్ట గుట్టకూ వేరువేరు తల్లులు ఉన్నంత కాలమే. రాజస్థాన్, గుజరాత్ నమూనాల మీద డీఎన్ఏ గుర్తులతో జరిగిన పరిశీలనల్లో మొక్కలన్నీ ఒకేలా లేవని తేలింది. పాతకాలపు కలయికల వల్ల, ఉత్పరివర్తనాల వల్ల, ఎప్పుడో ఒకసారి మగ మొక్క పుప్పొడి పని చేసినందువల్ల వేరువేరు వంశాలు మిగిలి ఉన్నాయి. ఒక గుట్ట మీద లేపనం పూసి వంద చెట్లు చంపారనుకోండి, పోయింది వంద చెట్లు కావచ్చు, ఒక్క వంశం కావచ్చు. ఆ వంశం ఆ గుట్టకే పరిమితమైతే మాత్రం అది ఇక తిరిగి రాదు.

ఇప్పుడు నర్సరీకి వద్దాం. గుగ్గులును కొమ్మ నరికి నాటడం తేలిక, వేరు మందు కాస్త రాస్తే చాలావరకు చిగురిస్తుంది. కొమ్మతో పెంచినవి నకళ్లని అందరికీ తెలుసు. ప్రమాదం ఎక్కడంటే, “మేం కొమ్మలు వాడలేదు, గింజతోనే పెంచాం, కాబట్టి వైవిధ్యం ఉంది” అనుకునేచోట. వేపకైతే ఆ మాట చెల్లుతుంది. గుగ్గులులో గింజ కూడా చాలావరకు నకలే. రోడ్డు పక్కన అందుబాటులో ఉన్న నాలుగు ఆడ చెట్ల కింద గింజలు ఏరి లక్ష సంచుల్లో నాటితే, నివేదికలో లక్ష మొక్కలు, నేల మీద నాలుగు వంశాలు. ఆ నాలుగు కూడా ఒకదానికొకటి నకళ్లు కావన్న నమ్మకమేమీ లేదు. మన బంగినపల్లి తోటలన్నీ అంట్ల మీద నడుస్తున్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నడుస్తున్నాయి. రైతు మందు కొడతాడు, నీళ్లు పెడతాడు, కంచె వేస్తాడు. ఆరావళి గుట్ట మీద గుగ్గులుకు ఆ సేవలు చేసేవాళ్లు లేరు.

ఇంకో చిన్న అలవాటు నన్ను కలవరపెడుతుంది. నిమ్మ, నారింజ నర్సరీల్లో వరుసకు భిన్నంగా కనబడ్డ మొలకను పీకి పారేస్తారు, ఎందుకంటే అది తల్లిలా ఉండదని వాళ్లకు తెలుసు. తోటకు అది సరైన పనే. అదే అలవాటు గుగ్గులు నర్సరీలోకి వస్తే, పుప్పొడి కలిసి పుట్టిన ఒక్కగానొక్క బిడ్డను మనమే చెత్తలో వేసిన వాళ్లమవుతాం. ఎక్కువ బంక ఇచ్చే రకాల ఎంపిక కూడా జరుగుతోంది. లక్నోలోని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ ‘మరుసుధ’ అనే రకాన్ని తీసుకొచ్చింది. రైతు పొలంలో అది ఉండాల్సిందే, అడవి మీద వత్తిడి తగ్గేది అలాగే. అడవిలో ఖాళీ అయిన గుట్టను మళ్లీ నింపడానికి అదే రకం తెచ్చి నాటడం మాత్రం పొరపాటు.

వైవిధ్యం పోతే మందుకు ఏమవుతుంది? గుగ్గులులో పనిచేసే పదార్థాలుగా చెప్పే గుగ్గుల్‌స్టెరోన్లు మొక్క మొక్కకూ ఎక్కువ తక్కువగా ఉంటాయి. 2002లో ఆ పదార్థం కాలేయంలోని ఒక గ్రాహకాన్ని అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలినప్పుడు ప్రపంచం దాన్ని కొత్తగా చూసింది. రేపు ఇంకో అణువు కోసం వెతకొచ్చు. అది ఏ గుట్ట మీది వంశంలో ఎక్కువగా ఉందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. సుశ్రుతుడి కాలంలో రోగికి ఇచ్చిన బంక ఏ తల్లి చెట్టుదో కూడా మనకు తెలియదు కదా!

కల్తీ గురించి చెబుతానన్నాను. అసలు బంక దొరక్క, ఖరీదు పెరిగి, దాని దాయాది చెట్ల బంకలు దాని పేరుతో చెలామణి అవుతుంటాయి. అందుగు చెట్టు బంక అందులో ముఖ్యమైనది. ఆ అందుగు కుటుంబంలోదే శేషాచలం, నల్లమల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని బోస్వెలియా ఓవాలిఫోలియోలేటా. దానికీ గాట్లు పడుతున్నాయి, దాని సంఖ్యా తగ్గుతోంది. అయితే దాని పువ్వులో ఆడ మగ భాగాలు రెండూ ఉంటాయి, కనుక కచ్‌లో పనికొచ్చే పద్ధతి తిరుమల కొండల్లో అచ్చంగా పనికిరాదు. ఏ చెట్టు సంసారం ఎలా సాగుతుందో చూడకుండా అందరికీ ఒకే మొక్కల పెంపకం పథకం రాసేయడం మన శాఖలకు అలవాటైపోయింది.

మరి గుగ్గులుకు ఏం చేయాలి? ముందుగా మగ మొక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకాలి. పూత సమయంలో చేతి భూతద్దంతో పువ్వు పువ్వూ చూసే పని ఇది. పువ్వు గోరంత కూడా ఉండదు, నాలుగు ఎర్రటి రేకులు. ఆడ పువ్వులోనూ పుప్పొడి లేని ఉత్తుత్తి కేసరాలు ఉంటాయి కాబట్టి తొందరపడితే మోసపోతాం. ఉపగ్రహం, డ్రోను ఇక్కడ పనికిరావు, స్థానిక కళాశాల పిల్లలు పనికొస్తారు. దొరికిన ప్రతి మగ మొక్కకూ కాపలా ఉండాలి, దాని కొమ్మలు కనీసం రెండుమూడు వేరువేరు చోట్ల నాటి ఉంచాలి. దాని చుట్టూ ఉన్న ఆడ మొక్కల గింజలు వేరుగా ఏరి, ఒక్కో గింజలోంచి వచ్చిన మొలకలన్నిటినీ డీఎన్ఏ పరీక్ష అయ్యేదాకా దాచాలి. నకలు కానిది ఏదో అప్పుడు తెలుస్తుంది.

రెండోది నమూనాల సేకరణ. శాస్త్రజ్ఞులు మార్షల్, బ్రౌన్ 1975లో వేసిన లెక్క ప్రకారం మామూలుగా పరపరాగసంపర్కం జరుపుకునే మొక్కల్లో ఒక్కో చోట 50 నుంచి 100 మొక్కల దాకా గింజ తీసుకుంటే, అక్కడ తరచుగా కనిపించే జన్యురూపాలు దాదాపు అన్నీ చిక్కుతాయి. నకళ్లతో నడిచే మొక్కకు ఆ లెక్క తిరగేయాలి. ఒక్కో గుట్ట మీద కొన్ని మొక్కలు చాలు, గుట్టలు మాత్రం వీలైనన్ని ఎక్కువ కావాలి. మొక్కకూ మొక్కకూ మధ్య దూరం ఉండాలి. జీపు ఆగేచోటు చుట్టూ తిరిగి వందమొక్కలు తెచ్చే పద్ధతికి ఇది సరిగ్గా వ్యతిరేకం. అందుకే ఖర్చెక్కువ, అందుకే జరగదు. సరిహద్దు సమస్య ఎలాగూ ఉంది. కచ్ రణ్‌కు అవతల నగర్‌పార్కర్‌లోని కారుంఝర్ కొండల మీదా గుగ్గులు ఉంది. అక్కడి బంక ఒకప్పుడు మన బజారుకు వచ్చినంత సులువుగా అక్కడి ఆకు మన ప్రయోగశాలకు రాదు.

మూడోది మొక్క మూలాన్ని నమోదు చేయడం. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టాన్ని 2023లో సవరించారు. సాగుచేసిన ఔషధ మొక్కలకు స్థానికులతో ప్రయోజనాల పంపకం బాధ్యతలోంచి మినహాయింపు ఇచ్చారు. దానికి స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఇచ్చే మూల ధ్రువపత్రం కావాలి. అడవిలో చంపి తెచ్చిన బంకను పొలంలో పండిందని చూపించడానికి ఈ కాగితం దారి చేస్తుందని నా భయం. అదే కాగితాన్ని మరో పనికి వాడుకోవచ్చు. మొక్క పొలానికి వచ్చేటప్పుడే దాని తల్లి ఏ జిల్లా, ఏ గుట్ట, ఆడదా మగదా, కొమ్మా గింజా అన్నది నర్సరీ చీటీ మీద రాయించి, ఆ వివరం ధ్రువపత్రంలోకి ఎక్కించాలి. ఔషధ మొక్కల బోర్డు నర్సరీకి చెల్లించే డబ్బును మొక్కల సంఖ్యతోపాటు తల్లుల సంఖ్యకూ ముడిపెట్టాలి. పది గుట్టల నుంచి పదివేల మొక్కలు పెంచినవాడికి, ఒక గుట్ట నుంచి లక్ష పెంచినవాడికన్నా ఎక్కువ ముట్టాలి. బోర్డుల్లో పనిచేసే నా పాత విద్యార్థులతో ఈ మాటే అంటే, “సార్, తనిఖీ ఎలా చేస్తాం?” అంటారు. వంద సంచుల్లో ఒకదాని ఆకు తెంపి పరీక్షకు పంపించండి అంటాను. ఆ మాత్రం ఖర్చు అంచనాల్లో పెట్టడానికి వచ్చే వానాకాలం నాట్ల లోపు వ్యవధి ఉంది.